పూడిక తీసిన చెరువులు – పూడిపోయిన విద్య

హైదరాబాదు నగరంలో అశోక్ నగర్, చిక్కడపల్లి వీధులకు ఒక ప్రత్యేకత ఉన్నది. రాష్ట్రం నలుమూలల నుండి పట్టభద్రులైన యువతీయువకులు పోటీ పరీక్షలకు చదువుకొనడానికి ఇక్కడికి వస్తారు. ఇరుకు గదులలో అద్దెకుండి, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దస్తమానం పుస్తకాలు తిరగవేస్తూ ఉంటారు. వారు కంఠస్థం చేసే విషయాలలో కాకతీయుల గొలుసుకట్టు చెరువులు ఒకటి. ఏ చెరువు ఎవరి కాలంలో వెలసినది, ‘మిషన్ కాకతీయ’ ఏ తేదీన ఎక్కడ ప్రారంభమైనది – ఇవన్నీ వారికి కరతలామలకం. రేపు వీరిలో కొందరు తహసీలుదార్లు అవుతారు, మరికొందరు ఇతర శాఖలలో అధికారులవుతారు. చెరువుల బాగోగులు వారి సంతకాలపై ఆధారపడి ఉంటాయి.

ఈ పేటల ప్రక్క నుండే ఒక నాలా పారుతున్నది. దానిని దాటేవారు సాధారణంగా ముక్కు మూసుకొని దాటుతారు. అది మొదట మురుగు కాలువ కాదు, హుస్సేన్ సాగర్ మిగులు నీటిని మూసీ నదికి చేర్చే మార్గం. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1560ల తొలినాళ్ళలో కట్టిన ఆ చెరువుకు మూసీ నుండి బాల్కాపూర్ కాలువ ద్వారా నీరు వచ్చేది, నిండగా మిగిలినది ఈ త్రోవన మరల మూసీకి చేరేది. అశోక్ నగర్ ఆ కట్టకు దిగువన ఉన్నది. అనగా పుస్తకంలో చదువుకుంటున్న చెరువు విద్యకు సంబంధించిన ఒక ఉదాహరణ కిటికీ బయటనే ఉన్నది. పుస్తకానికీ నాలాకూ నడుమ ఉన్న ఈ దూరమే ఇక్కడ విమర్శకు వస్తువు. దేశీయ విజ్ఞానాన్ని ప్రభుత్వ విధానంలో చేర్చుకుంటున్నామని నేడు అన్ని ప్రక్కలా వినిపిస్తున్నది. నిజంగా చేరినది విజ్ఞానమా, దాని పేరు మాత్రమేనా?

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలెనంటే, చెరువు విద్య అంటే ఏమిటో ముందుగా తెలియాలి.

దక్కను పీఠభూమిలో వాన నాలుగు నెలలు కురుస్తుంది, ఆ నాలుగు నెలలలోనూ కొన్ని రోజులే గట్టిగా కురుస్తుంది. నేల క్రింద గట్టి రాయి ఉండడం వలన నీరు లోతుకు త్వరగా ఇంకదు. ఇట్టి చోట ఒక పెద్ద జలాశయం కన్న, వాలు వెంబడి ఒకదాని క్రింద ఒకటిగా కట్టిన అనేక చిన్న చెరువులు మేలని పూర్వులు గ్రహించారు. పై చెరువు నిండి మత్తడి పోస్తే ఆ నీరు క్రింది చెరువుకు చేరుతుంది. కోస్తా జిల్లాలలో అలుగు, కలుజు అనే పేర్లతో పిలిచేది తెలంగాణలో మత్తడి. చెరువు ప్రాణం కట్టలో ఉన్నదని చాలామంది అనుకుంటారు కాని, ఆ ప్రాణాన్ని కాపాడేది మత్తడి.

ఇందులోని లెక్క కష్టమైనది కాదు. మత్తడి మీదుగా పొర్లే నీటి పరిమాణం దాని పొడవుకు అనుపాతంలో పెరుగుతుంది. పొర్లే నీటి మందంతో పోల్చి చూస్తే ఆ పెరుగుదల ఇంకా ఎక్కువ: మందం రెండింతలైతే ప్రవాహం సుమారు 2.8 రెట్లవుతుంది. ఒక వరదను 100 అడుగుల మత్తడి ఒక అడుగు మందంతో దాటించగలదనుకుందాం. ఎవరైనా ఆ మత్తడిని ఆక్రమించి 50 అడుగులకు కుదిస్తే, అదే వరద దాటడానికి నీరు సుమారు 1.6 అడుగులు లేవాలి. 25 అడుగులకు కుదిస్తే 2.5 అడుగులు లేవాలి. మట్టికట్టకు అంత ఎత్తు మిగిలి లేకపోతే నీరు కట్ట మీదుగా పొర్లి దానిని కోసివేస్తుంది. ఆ నీరంతా క్రింది చెరువు మీద ఒక్కసారిగా పడుతుంది. కనుక గొలుసులో ఏ ఒక్క కొక్కెం ఊడినా మిగిలినవన్నీ ప్రమాదంలో పడతాయి. పాత చెరువులకు చూపులకు అనవసరమనిపించేటంత పొడవైన మత్తడి ఉండడానికి కారణమిదే.

ఈ విద్యకు వ్రాతపూర్వకమైన సాక్ష్యం కూడా ఉన్నది. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది, విజయనగర రాజకుమారుడైన భాస్కరుడు వేయించినది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు పట్టే ఆరు దోషాలను అది పేర్కొన్నది. జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తియ్యని నీటి నది, కొండల నడుమ మరీ పొడవు కాని రాతికట్ట, దగ్గరలో రాతిగని, పనివారి సమూహం – ఇవి అంగాలలో కొన్ని. కట్ట నుండి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, నీరు తక్కువై సాగు భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావడం – ఇవి దోషాలలో కొన్ని. రోజుకు వేయిమంది కూలీలు, రాతి పనికి నూరు బండ్లు, రెండు సంవత్సరాల కాలం పట్టినదని కూడా అది తెలుపుతున్నది. ఇది పొగడ్త కన్న పరీక్షా పట్టికకు దగ్గరగా ఉన్నది. నీటికీ ఆయకట్టుకూ పొత్తు కుదరకపోవడం దోషమని చెప్పడం, సరిహద్దు తగాదాను కూడా చెరువు దోషంగా ఎంచడం ఇందులో గమనించదగినవి. నీరు, మట్టి, రాయి మాత్రమే కాక మనుషుల మధ్య ఒప్పందం కూడా చెరువులో భాగమని ఆ శాసనకర్తకు తెలుసు.

ఆ ఒప్పందానికి ఊళ్ళలో రూపం ఉండేది. చెరువు త్రవ్వించినవారికో, మరమ్మతు చేయించినవారికో ఆయకట్టులో కొంత భాగాన్ని మాన్యంగా ఇచ్చే దశబంధం ఒకటి. ఆ మాన్యం అనుభవించినంత కాలం చెరువు సంరక్షణ వారి బాధ్యత. యాసంగికి ముందు చెరువులో మిగిలిన నీటిని చూచి, ఆయకట్టులో ఎంత భాగానికి నీరివ్వవచ్చునో నిర్ణయించే తైబందీ మరొకటి. ఈ నిర్ణయాన్ని ప్రతిరోజూ అమలుపరచేవాడు నీరటి. తూము బిరడా ఎత్తడం, దించడం, కాలువల వెంట తిరిగి మడి మడికీ నీరు పంచడం, వాన రాత్రి కట్ట మీద కావలి ఉండడం అతని పని. కట్టలో ఎక్కడ ఎలుక బొరియ ఉన్నదో, ఎక్కడ ఊట మొదలైనదో, ఏ మడికి ఎంత సేపు పెడితే తడుస్తుందో అతనికి తెలుసు. కొలపరికరం లేదు, కొలత అతని కంటిలో, కాలులో ఉండేది.

ఇప్పుడు ప్రభుత్వ విధానాన్ని పరిశీలించవచ్చు. 2015 మార్చి 12న అప్పటి నిజామాబాదు జిల్లాలోని సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ ప్రారంభమైనది. రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను, కుంటలను విడతలవారీగా పునరుద్ధరించడం దాని లక్ష్యం. పూడిక తీయడం, కట్టను బలపరచడం, తూములను, మత్తడులను, కాలువలను బాగుచేయడం ఇందులోని పనులు. ఆధునిక కాలంలో చిన్న నీటి వనరుల మీద ఇంత విస్తృతమైన దృష్టి పెట్టిన కార్యక్రమాలు అరుదు. దాని మేలును గుర్తించకపోవడం అన్యాయం.

పూడిక విషయంలో ఈ పథకం పాత విద్యను నిజంగానే అందుకొన్నది. నూరెకరాల విస్తీర్ణం గల చెరువులో ఒక అడుగు మందాన పూడిక పేరుకుంటే 43 లక్షల 56 వేల ఘనపుటడుగుల నీటికి చోటు పోతుంది. వరికి ఒక కారుకు సుమారు నాలుగు అడుగుల నీరు కావాలనుకుంటే, అది పాతికెకరాల పంటకు సమానం. తీసిన ఒండ్రును ప్రభుత్వం త్రవ్వి ఇవ్వగా, రైతులు తమ ఖర్చుతో పొలాలకు తోలుకొన్నారు. బంకమన్ను, సేంద్రియ కర్బనం, నత్రజని గల ఆ మట్టి తేలిక నేలలకు తేమను నిలిపే శక్తినిస్తుంది. ఎండాకాలంలో చెరువు మట్టి చేనుకు తోలడం మన రైతుల పాత అలవాటే. శాస్త్రం దానిని సమర్థించినది, పథకం దానిని ప్రోత్సహించినది. దేశీయ విజ్ఞానాన్ని విధానంలో చేర్చడమంటే ఎట్లా ఉంటుందో ఈ ఒక్క అంశంలో స్పష్టంగా చూడవచ్చు.

ఇక్కడ కూడా ఒక హెచ్చరిక అవసరం. చెరువును ఎంత లోతుగా త్రవ్వితే అంత మంచిదన్నది పొరపాటు. తూము అడుగు మట్టానికి దిగువన నిలిచిన నీరు దానంతటది పొలానికి పారదు. అది పశువులకు, చేపలకు, భూగర్భ జలానికి పనికివస్తుంది. అంతేకాక, నీటిని పట్టి ఉంచే బంకమన్ను పొరను పూర్తిగా తొలగిస్తే కొన్ని చెరువులలో నీరు నిలవదు. ఎక్కడ త్రవ్వాలో, ఎక్కడ ఆపాలో యంత్రం చెప్పలేదు. ఆ చెరువును ఇరవై ఏండ్లు చూచిన మనిషి చెప్పగలడు. అతనిని అడిగే ఏర్పాటు అంచనా పత్రంలో ఉన్నదా అన్నదే అసలు ప్రశ్న.

ఆ మనిషి ఏమైనాడు? 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు రద్దయినవి. గ్రామ సేవకులలో ఒకడైన నీరటి క్రమంగా చెరువుకు దూరమై కార్యాలయపు పనులకు దగ్గరైనాడు, తరువాత గ్రామ రెవెన్యూ సహాయకుడనిపించుకొన్నాడు. 2023లో ఆ వ్యవస్థ కూడా రద్దయినది, అందులోని వారిని వేర్వేరు శాఖలలో సర్దారు. కొందరు నీటిపారుదల శాఖకు వెళ్ళినా, ఊరి చెరువుకు ఊరి మనిషి అన్న పాత బంధం తిరిగి ముడిపడలేదు. ఒక ప్రక్క చెరువుల పేరిట పెద్ద పథకం నడుస్తుండగా, మరొక ప్రక్క చెరువు తెలిసిన ఉద్యోగం కాగితం మీద నుండి కూడా తొలగిపోయినది. రెండింటికీ సంబంధమున్నదని ఏ శాఖా భావించినట్లు కనబడదు.

ఒప్పందం సంగతి కూడా ఇట్లాగే ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన చట్టం నీటిపారుదల నిర్వహణను రైతులకు అప్పగించినది. దాని క్రింద పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడినవి. దేశంలో ఇది పెద్ద ముందడుగే. అయితే ఓటు హక్కు ఆయకట్టు భూమి గలవారి చేతిలోనే ఉన్నది. చెరువులో చేపలు పట్టే ముదిరాజులు, గంగపుత్రులు, ఒడ్డున బట్టలుతికే చాకలివారు, మట్టి తీసికొనే కుమ్మరులు, గొర్రెలను నీటికి తోలే గొల్లలు – వీరి జీవనం చెరువుతో ముడిపడినా, సంఘంలో వీరి మాటకు ఓటు బలం లేదు. తూము ఎప్పుడు ఎంత తెరవాలన్నది చేపలవానికీ జీవన్మరణ సమస్యే. నీరు మొత్తం పొలాలకు వదిలితే అతని పంట ఎండిపోతుంది.

దీనికి తోడు 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి రాత్రింబవళ్ళు ఉచిత విద్యుత్తు లభిస్తున్నది. రైతుకు ఇది గొప్ప ఊరట. కాని దాని ప్రభావాన్ని చెరువు దృష్టితో కూడా చూడాలి. తైబందీ అంటే ఉన్న నీటిని చూచి అందరూ కలిసి పంటను తగ్గించుకోవడం. మీట నొక్కితే ఎవరి బోరు వారికి నీరిచ్చేటప్పుడు అట్టి నిర్ణయానికి ఎవరు కూర్చుంటారు? చెరువు నింపిన భూగర్భ జలాన్నే బోర్లు తోడుతున్నవి. ఒక విధానం ఉమ్మడి చెరువును బాగుచేయగా, మరొక విధానం ఉమ్మడిగా కూర్చోవలసిన అవసరాన్ని తీసివేసినది.

అయితే ఇంతటితో పాతదంతా బంగారమని తేల్చడం శాస్త్రీయం కాదు. నీరటి ఎక్కువగా దళిత కుటుంబాలవాడు. తనకు సెంటు భూమి లేకపోయినా పరుల మళ్ళకు నీరు పంచేవాడు, కల్లం దగ్గర పెట్టే గింజల కోసం ఎదురుచూచేవాడు. ఆ విద్య తరతరాలుగా నిలవడానికి ఒక కారణం, ఆ పని వదలిపోయే స్వేచ్ఛ అతనికి లేకపోవడం. అట్టి వ్యవస్థను తిరిగి తెమ్మని ఎవరూ కోరరాదు. కోరవలసినది అతని విద్యకు జీతం, గౌరవం, శిక్షణ గల ఉద్యోగం.

పాత నిర్మాణాలకు కూడా హద్దులున్నవి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచివేసినప్పుడు, ఆ తరువాత పరిశీలనకు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నది పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నవనీ, వాటిలో 221 తెగినవనీ లెక్క తేల్చారు. వరదను ఆపవలసిన గొలుసే తెగి వరదను పెంచినది. ఆయన చెరువులను నిందించి ఊరుకోలేదు, పొగిడి ఊరుకోలేదు, లెక్కపెట్టారు. పైన రెండు పెద్ద జలాశయాలు కావాలన్న నిర్ణయం ఆ లెక్క నుండి వచ్చినది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ 1920లలో దాని ఫలితంగా నిలిచినవి. దేశీయ విజ్ఞానం పట్ల విధానకర్తకు ఉండవలసిన వైఖరికి ఇది మంచి మాదిరి.

ఇక నగరం సంగతి. 2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్క రోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసినది. హుస్సేన్ సాగర్ మిగులు నీరు నాలాలో పట్టక దోమలగూడ, అశోక్ నగర్ పరిసరాలను ముంచినది. 2020 అక్టోబరులో మరల నగరం మునిగినది. ఈసారి నగరపు అంచులలోని చెరువు కట్టలు కూడా తెగినవి. ఆ వరదల తరువాత ఈ నాలాకు రక్షణ గోడలు కట్టే పని చేపట్టారు. గోడలు అవసరమే. కాని మత్తడి లెక్కను ఒకసారి జ్ఞాపకం చేసికొంటే, అసలు విషయం నీటి దారి వెడల్పు అని తెలుస్తుంది. ఎగువ చెరువుల శిఖం భూములు ఇండ్లుగా మారి, నిలువవలసిన నీరు నిలువక ఒక్కసారిగా దిగివస్తే, ఇరుకు దారికి ఎంత ఎత్తు గోడ కట్టినా చాలదు. చెరువుల ఆక్రమణలను తొలగించడానికి 2024లో ‘హైడ్రా’ అనే ప్రత్యేక సంస్థ ఏర్పడినది. పూర్తి నీటిమట్టపు గీతను కాపాడడం దాని పనులలో ఒకటి. అయితే చెరువు ఒక గీత లోపలి నీరు మాత్రమే కాదు. దానికి నీరు వచ్చే వాగు, దాని నుండి నీరు పోయే దారి కూడా చెరువే. గీత గీచి వాగును వదలివేస్తే గొలుసు మిగలదు, విడివిడి గుంటలు మిగులుతాయి.

సంస్కృతి విషయంలో ఈ లోపం ఇంకా స్పష్టం. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను, బతుకమ్మను రాష్ట్ర పండుగలుగా ప్రకటించినది. హుస్సేన్ సాగర్ కట్ట దిగువన కట్టమైసమ్మ గుడి నేటికీ ఉన్నది. ఆషాఢంలో, చెరువులు నిండకముందు బోనాలు. వానలు వెనుకపట్టే వేళ, చెరువులు నిండి ఉండగా బతుకమ్మ. ఈ పండుగలను చెరువు తనిఖీ కోసమే ఏర్పరచారని చెప్పడానికి ఆధారం లేదు. అట్లా చెప్పడం భక్తికీ శాస్త్రానికీ రెండింటికీ అపచారం. కాని సంవత్సరానికి రెండుసార్లు ఊరు ఊరంతా చెరువు దగ్గరకు చేరేదన్నది మాత్రం నిజం. అంతమంది కళ్ళు కట్టను చూచేవి. ప్రభుత్వం పండుగకు సెలవునూ, నిధులనూ ఇచ్చినది. ఆ కళ్ళు చూచినదాన్ని వ్రాసుకొనే పుస్తకం మాత్రం పెట్టలేదు.

అట్టి పుస్తకం పెట్టడం అసాధ్యమేమీ కాదు. ప్రతి చెరువుకూ ఒక దస్త్రం ఉండవచ్చు: మత్తడి పొడవెంత, తూము మట్టమెంత, ఏ వాగు నుండి నీరు వస్తుంది, ఏ చెరువుకు పోతుంది, ఏ సంవత్సరం కట్ట ఎక్కడ కారినది. తూము దగ్గర ఒక కొలబద్ద నాటి, ప్రతిరోజూ నీటిమట్టం వ్రాసే బాధ్యతను జీతం గల స్థానిక ఉద్యోగికి, స్త్రీ అయినా పురుషుడైనా, ఏ కులమైనా, అప్పగించవచ్చు. ఇంకా బ్రతికియున్న వృద్ధ నీరటులే వారికి మొదటి గురువులు కావాలి. వారు చెప్పిన ప్రతి మాటనూ కొలిచి చూడవలె, నిలిచినది నియమం కావలె, నిలవనిది వదలవలె. నీటి సంఘంలో చేపలవారికీ, చాకలివారికీ ఓటు ఉండాలి. వీటిలో ఏ ఒక్కటీ పూడిక తీసేటంత ఖర్చుతో కూడినది కాదు. కాని వీటికి గడువున్నది. కట్ట తెగితే మరల కట్టవచ్చు, కాని ఆ వృద్ధుల తరం గతిస్తే వారి కంటికొలతను ఏ శిలాశాసనం నుండీ తిరిగి సంపాదించలేము.

పరీక్షలు కూడా ఇందులో తమ వంతు పని చేయవచ్చు. గొలుసుకట్టు చెరువులు ఎవరి కాలంలో వెలసినవని అడిగితే, ఒక పేరు వ్రాసి అభ్యర్థి ముందుకు సాగుతాడు. మత్తడిని సగానికి కుదిస్తే నీరు ఎంత లేస్తుంది, అప్పుడు ఎవరి ఇల్లు మునుగుతుంది అని అడిగితే అతడు ఒక్క క్షణం ఆగవలసి వస్తుంది. అశోక్ నగర్‌లో అట్లా ఆగినవానికి సమాధానం కోసం పుస్తకం తెరవవలసిన పని లేదు. వానాకాలంలో ఒక సాయంత్రం నాలా వంతెన మీద నిలబడి, నీరు ఎక్కడ నుండి వస్తున్నది, దానికి ఎంత దారి మిగిలినది అని చూస్తే చాలు.